ఏ ఊరైనా సరే, ఇద్దరి పేర్లూ రాయించండి

నాన్నా,

రాత్రి నువ్వు ఫోన్ పెట్టేసాక నిద్ర పట్టలేదు, మీ అమ్మ పడుకున్నాక వరండాలో కూర్చుని ఇది టైప్ చేస్తున్నా. ఫోన్‌లో అయితే సగం మాటలు మింగేస్తాను కదా, అందుకే ఉత్తరం.

నువ్వూ, నీతో జంటగా ఉంటున్న అబ్బాయీ ఉండే హైదరాబాద్ ఇంటిని ఓనర్ నెల రోజుల్లో ఖాళీ చేయమన్నాడని చెప్పి, "మమ్మల్ని మాలా ఉండనిచ్చే ఊరేదో చూసుకుంటాం నాన్నా, బెంగళూరో చెన్నైయో, కాదంటే టొరంటో" అన్నావు చూడు, నాకు అక్కడే గుండె పట్టేసినట్టయింది. అద్దె ఒక్కరోజు లేటు చెయ్యలేదు, గోడకి మేకు కొట్టాలన్నా అడిగి కొట్టారు, ఇంకేం కావాలి ఆయనకి?

ముందు ఒక నిజం చెప్పాలి. పోయినేడాది నువ్వు కెనడా మాట ఎత్తినప్పుడు నాకు లోపల హాయిగా అనిపించింది. దూరంగా ఉంటే చుట్టాలకి తెలియదు, ఎవరికీ సమాధానం చెప్పక్కర్లేదు అనుకున్నా. అది నీ గురించి ఆలోచించి కాదు నాన్నా, నా గురించి. 2018 సెప్టెంబర్ 6న, మీలాంటివాళ్ళ ప్రేమ నేరం కాదని సుప్రీంకోర్టు 377 సెక్షన్ మీద తీర్పు ఇచ్చిన రోజు కూడా అంతే, టీవీలో అది వస్తుంటే నేను ఛానెల్ మార్చేశా, నువ్వు సోఫాలో నా పక్కనే ఉన్నావు. అప్పటికి నాకేం తెలీదు, కానీ ఇప్పుడు ఆ రిమోట్ చూస్తే నువ్వు ఆ రోజు ఏమనుకున్నావో అని అనిపిస్తుంది.

నాకు తెలిసిన విద్య బ్యాంకు పని ఒక్కటే కాబట్టి దాన్నుంచే చెప్తా. నేను కౌంటర్‌లో ఉన్న రోజుల్లో ఇద్దరు టీచరమ్మలు వచ్చేవాళ్ళు, ఒకే ఇంట్లో ఉండేవాళ్ళు, వానాకాలం ఒకే గొడుగులో వచ్చి డిపాజిట్లు రెన్యువల్ చేయించుకుని వెళ్ళేవాళ్ళు. పెద్దావిడ పోయాక రెండో ఆవిడ ఆ రసీదులు రుమాల్లో చుట్టుకుని వచ్చింది. నామినీ లేదు. ఫారం తీసి "ఆవిడకి మీరేమవుతారండీ" అని అడిగా. చాలాసేపు ఆగి "కలిసుంటున్నామండీ" అంది. ఆ గడిలో రాయడానికి అది సరిపోదు, వారసుల సర్టిఫికెట్ తెమ్మని పంపించేశా, చివరికి ఎప్పుడూ మొహం చూపించని అన్న కొడుకులు వచ్చి డబ్బు తీసుకెళ్ళారు. వాళ్ళిద్దరూ స్నేహితులేనేమో, నాకు తెలీదు. నేను రూలు ప్రకారమే చేశా. కానీ ఆవిడ రుమాలు మళ్ళీ మడత పెట్టుకుంటూ మెట్లు దిగడం ఈ నెల రోజుల్లో ఎన్నిసార్లు గుర్తొచ్చిందో.

అందుకని ఊరు ఏదన్నది తర్వాత, ముందు ఇద్దరి పేర్లూ కాగితం మీదకి రావాలి. 2024 ఆగస్టు 28న కేంద్ర ఆర్థిక శాఖ స్పష్టంగా చెప్పింది, మీలాంటి జంటలు జాయింట్ అకౌంట్ తెరవడానికీ, ఒకరినొకరు నామినీగా పెట్టుకోవడానికీ అడ్డేమీ లేదని. రేషన్ కార్డులో కూడా ఒకే ఇంటివాళ్ళుగా చూడమని అదే ఏడాది రాష్ట్రాలకి చెప్పారు. అకౌంట్ "ఐదర్ ఆర్ సర్వైవర్" పెట్టించండి, అంటే ఇద్దరిలో ఎవరైనా నడపొచ్చు, ఒకరు పోతే రెండోవాళ్ళు తీసుకోవచ్చు. నామినీ అంటే డబ్బు చేతికి తీసుకునేవాడే, హక్కుదారు అయిపోడు, చాలామంది ఇక్కడే పొరపాటు పడతారు, కాబట్టి ఇద్దరు సాక్షుల సంతకాలతో చెరొక వీలునామా కూడా రాయండి. ఈ వయసులో వీలునామా ఏంటి అనకు.

ఇక ఊళ్ళు. చెన్నై అన్నావు కదా, అక్కడి హైకోర్టు గురించి చదివా. 2021లో జస్టిస్ ఆనంద్ వెంకటేష్ గారు మీలాంటి జంటల గురించి తనకి సరిగ్గా తెలీదని ఒప్పుకుని సైకాలజిస్ట్ దగ్గర కూర్చుని తెలుసుకున్నాకే తీర్పు రాశారు, మీలాంటివాళ్ళని మార్చేస్తామని ట్రీట్‌మెంట్లు చెయ్యడం ఆపాలన్నారు. 2025 మేలో అదే కోర్టు, ఇంట్లోవాళ్ళు బలవంతంగా ఉంచేసిన 25 ఏళ్ళ అమ్మాయి కేసులో, కుటుంబం అనేది పెళ్ళితోనే ఏర్పడాలని లేదు అంది. ఆ తల్లి గురించి రాస్తూ ఆవిడ లీలా సేథ్ కాదు అన్నారు. లీలా సేథ్ అంటే మన దేశంలో హైకోర్టుకి మొదటి మహిళా చీఫ్ జస్టిస్, రచయిత అయిన కొడుకు విక్రమ్ సేథ్ వైపు గట్టిగా నిలబడిన తల్లి. అది చదివి నేనూ చాలాకాలం ఆవిడలా లేనని ఒప్పుకున్నా. అయితే తీర్పులు చూసి ఓనర్లు ఇల్లివ్వరు, అది వేరే సంగతి.

బెంగళూరులో 2008 నుంచి ప్రైడ్ ఊరేగింపు నడుస్తోంది, మీలాంటివాళ్ళు ఎక్కువ, కొన్ని కంపెనీలు హెల్త్ ఇన్సూరెన్స్‌లో పార్ట్‌నర్‌ని కూడా పెట్టనిస్తాయి. ఉద్యోగం మారేటప్పుడు జీతంతో పాటు ఇది కూడా హెచ్‌ఆర్‌ని అడుగు, సిగ్గుపడకు. ఇద్దరిలో ఒకరికి జ్వరం వస్తే రెండోవాడు ఆఫీసుకి ఏం చెప్పి సెలవు పెడతాడు? నేనైతే ఊరుని అలా చూస్తా.

టొరంటో సంగతి కూడా. అక్కడ 2003 నుంచే మీలాంటివాళ్ళు పెళ్ళి చేసుకోవచ్చు, దేశమంతా 2005లో వచ్చింది. పెళ్ళి కాకపోయినా 12 నెలలు జంటగా ఒకే ఇంట్లో ఉన్నట్టు రుజువులు చూపిస్తే వీసా పనుల్లో కామన్ లా పార్ట్‌నర్స్ కింద తీసుకుంటారు. రుజువులంటే ఏంటి, అద్దె అగ్రిమెంట్, జాయింట్ అకౌంట్, ఇంటి బిల్లులు. మీ అగ్రిమెంట్ నీ ఒక్కడి పేరు మీదే ఉంది కదా? మూడేళ్ళు కలిసున్నారు, కాగితం మీద ఒక్కరోజు కూడా లేరు. వెళ్తే వెళ్ళండి, కానీ బరంపురంలో ఆ అబ్బాయి వాళ్ళమ్మ ఒక్కతే ఉంటుంది, అది కూడా ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోండి.

హైదరాబాద్‌ని మాత్రం ఒక్క ఓనర్‌ని చూసి వదిలెయ్యకు. పెళ్ళి హక్కు కోసం సుప్రీంకోర్టు దాకా వెళ్ళిన సుప్రియో, అభయ్ అనే జంట ఆ ఊరివాళ్ళే. 2021 డిసెంబర్‌లో అక్కడే అందరి ముందు ఉంగరాలు మార్చుకున్నారు. 2023 అక్టోబర్ 17న కోర్టు పెళ్ళికి ఒప్పుకోలేదు, ఆ రోజు నువ్వు ఫోన్ ఎత్తలేదు, నేనూ రెండోసారి చెయ్యలేదు. చెయ్యాల్సింది.

ఇంకొకటి. సంక్రాంతికి ఆ అబ్బాయి మనింటికి వచ్చినప్పుడు మీ అమ్మ పక్కన పీట వేసుకుని కూర్చున్నాడు, నీళ్ళ గిన్నెలో పాకం చుక్క వేసి వేలితో ఉండ కట్టి "అయిందా అమ్మా" అని అడుగుతున్నాడు. ఎదురింటాయన వచ్చి ఎవరని అడిగితే నేను "మావాడి రూమ్మేట్" అన్నా. ఆ పిల్లాడు తలెత్తలేదు, అరిసెలు నొక్కుతూనే ఉన్నాడు. టీచరమ్మ దగ్గర గడి చాల్లేదు, ఇక్కడ గడి నా చేతిలోనే ఉంది, నేనే తప్పు రాశా. అతనికి ఇది చదివి వినిపించు.

శుక్రవారం రాత్రి రైలుకి నేనూ అమ్మా వస్తున్నాం. శని, ఆదివారాలు ఇళ్ళు చూద్దాం, ఓనర్లతో నేను మాట్లాడతా, ఎవరికని అడిగితే మావాళ్ళిద్దరికీ అని చెప్తా, కుదరదన్న చోట మంచినీళ్ళు కూడా తాగకుండా లేచి వచ్చేద్దాం. సోమవారం బ్యాంకుకి. ఇద్దరివీ ఆధార్, పాన్ జిరాక్స్‌లు, పాస్‌పోర్ట్ సైజు ఫోటోలు రెండేసి తీసి పెట్టండి, అతని ఆధార్‌లో బరంపురం అడ్రస్సే ఉంటే ఇప్పుడే చెప్పు. అమ్మ ఆవకాయ రెండు సీసాల్లో పెడుతోంది, అతనిది కారం తక్కువ.

నాన్న