2024–25 వార్షిక నివేదిక: నాందేడ్, బీదర్ గురుద్వారాల యాత్ర

గౌరవ సభ్యులకు నమస్కారం.

ఏటా ఈ నివేదికలో ముందు లెక్కలు, చివర్లో యాత్ర ఉండేవి. ఈసారి వరస మార్చాను. జమాఖర్చుల పట్టిక నోటీసు బోర్డు మీద ఉంది; అర్థం కానివారికి కోశాధికారిగారు ఓపిగ్గా విడమరిచి చెబుతారు. వైద్య శిబిరం, సంక్రాంతి ముగ్గులు, ఉగాది పంచాంగ శ్రవణం ఎప్పటిలాగే జరిగాయి. ముగ్గుల పోటీ బహుమతుల మీద వచ్చిన మాటపట్టింపు కూడా ఎప్పటిలాగే సర్దుకుంది. ఇక కొత్తగా జరిగినదాని సంగతి.

కార్తీకంలో బాసర వెళ్లి గోదావరి స్నానం చేసి రావాలన్నది మొదటి తీర్మానం. ఆ సమావేశంలోనే ఒక సభ్యురాలు లేచి, "ఇన్నిసార్లు బాసర వెళ్లాం కదా, అదే రైల్లో ఇంకాస్త దూరం కూర్చుంటే నాందేడ్ వస్తుంది. అదే గోదావరి. ఒక్కసారైనా ఎందుకు వెళ్లలేదు?" అని అడిగారు. ఎవరూ మాట్లాడలేదు. నిజానికి ఇప్పుడు మహారాష్ట్రలో ఉన్న నాందేడ్, కర్ణాటకలో ఉన్న బీదర్ రెండూ 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలోవే. నాందేడ్‌లోని హజూర్ సాహిబ్ గురుద్వారా నిర్వహణకు సంబంధించిన చట్టం కూడా ఆ ఏడాది చేసిన హైదరాబాద్ రాష్ట్ర చట్టమే. పొరుగింటిని చూడకుండా కాశీ దాకా వెళ్లివచ్చినవాళ్లం మనం. అలా బాసర యాత్ర కాస్తా నాందేడ్ దాకా సాగింది.

బయలుదేరే ముందు వారం, అత్తాపూర్ దగ్గరి సిఖ్ ఛావనీలో పుట్టి పెరిగిన మన సభ్యుడొకరు ఒక సాయంత్రం మాట్లాడారు. చందూలాల్ నిజాం దివానుగా ఉన్న రోజుల్లో, 1832 ప్రాంతంలో, పంజాబ్‌ను ఏలిన మహారాజా రంజిత్ సింగ్ పంపిన లాహోరీ ఫౌజులో తమ పూర్వీకులు ఇక్కడికి వచ్చారని చెప్పారు. మనం యాత్ర, తీర్థం, స్నానం అంటుంటే కాసేపు విని నవ్వారు. గురునానక్ రాసిన జప్‌జీ అనే ప్రార్థనలో తీర్థస్నానం గురించి ఒక మాట ఉందట: దేవుడికి నేను నచ్చితే అదే నా తీర్థస్నానం, నచ్చనప్పుడు మునిగి చేసేదేముంది అని. "మరి మీరెందుకు వెళతారండీ?" అని వెనక వరసలోంచి ప్రశ్న వచ్చింది. "మా రోజువారీ ప్రార్థన అర్దాస్‌లోనే అమృత్‌సర్ దర్శనం, స్నానం ప్రసాదించమని అడుగుతాం. రెండూ మావే. గురువు కాదన్నది నీళ్లను కాదు, నీళ్లలో మునిగితే చాలుననుకోవడాన్ని" అన్నారు. ఈ జవాబు మీద రైల్లో బాసర దాకా వాదన నడిచింది. స్నానం మాత్రం ఎవరూ మానలేదు.

నాందేడ్ ఎందుకంత ముఖ్యమో కొందరు సభ్యులు ఇంకా అడుగుతున్నారు కనుక కొంచెం వివరంగా రాస్తున్నాను. సిక్కులకు తఖ్త్‌లు ఐదు. తఖ్త్ అంటే సింహాసనం, అధికారపీఠం. అమృత్‌సర్‌లో అకాల్ తఖ్త్, ఆనంద్‌పూర్‌లో కేశ్‌గఢ్ సాహిబ్, తల్వండీ సాబోలో దమ్‌దమా సాహిబ్, బీహార్‌లో పట్నా సాహిబ్, ఐదోది నాందేడ్‌లోని సచ్‌ఖండ్ హజూర్ సాహిబ్. పదో గురువు గోవింద్ సింగ్ 1666లో గంగ ఒడ్డున పట్నాలో పుట్టి, 1708లో గోదావరి ఒడ్డున ఇక్కడ తనువు చాలించారు. వెళ్లేముందు ఇకమీదట మనిషి గురువు ఉండడని, గ్రంథమే గురువని ప్రకటించారు. అందుకే ఎక్కడి గురుద్వారాలోనైనా గ్రంథ్ సాహిబ్‌కు పందిరి కట్టి, చామరం వీచి, రాత్రి వేళ విశ్రాంతికి తీసుకువెళతారు. పుస్తకాన్ని పూజిస్తున్నారని మనవాళ్లలో ఒకరు అన్నారు. కాదు, గురువుకు చేసే మర్యాద అది. ఆ గ్రంథంలో సిక్కు గురువుల వాణితోపాటు కబీర్, రవిదాస్, షేక్ ఫరీద్ పదాలు, మరాఠీ నేల మీద పుట్టిన నామ్‌దేవ్ పదాలు కూడా ఉన్నాయి.

ఇక్కడే గోదావరి ఒడ్డున ఆశ్రమం కట్టుకుని ఉన్న మాధోదాస్ అనే బైరాగి గురువును కలిశాడు. ఆయనే తర్వాత బందా సింగ్ బహాదూర్‌గా పంజాబ్ వెళ్లి మొగలాయీలను గడగడలాడించాడు. ఎంత పెద్ద చరిత్ర మన నది ఒడ్డున మొదలైందో!

గురువుకు దహన సంస్కారం జరిగిన చోటనే తఖ్త్ ఉంది. ఇప్పటి కట్టడం 1830లలో రంజిత్ సింగ్ కట్టించినది. లోపలి గదిని అంగీఠా సాహిబ్ అంటారు. పూజారులు తప్ప ఎవరూ అందులోకి వెళ్లరు, గడప ఇవతలి నుంచే దర్శనం. గోదావరి నుంచి రోజూ బిందెతో నీళ్లు తెచ్చే ఆచారం ఉంది. దీపావళి వేళ భక్తులంతా బిందెలతో నది నీళ్లు మోసుకొచ్చి తఖ్త్‌ను కడుగుతారు. రెండు వారాల తేడాలో మనం ఆ వేడుక చూడలేకపోయాం. తేదీ ఖరారు చేసింది నేనే కాబట్టి తప్పు నాదే.

సాయంత్రం హారతి చూశాం. పంజాబ్ గురుద్వారాలలో హారతి పాటగా పాడతారే కాని సాధారణంగా దీపాలు తిప్పరు. ఇక్కడ దీపాలు వెలిగించి తిప్పుతారు. పాడేది మాత్రం గురునానక్ రాసిన హారతే: ఆకాశమే పళ్లెం, సూర్యచంద్రులే దీపాలు, చుక్కలే ముత్యాలు అనే పాట. ఎదురుగా నిజం దీపాలు, పాటలో దీపాలే అక్కర్లేదన్న భావం. పక్కనే నిలబడ్డ మన తెలుగు మాష్టారు ఈ వైరుధ్యానికి ముచ్చటపడి, మూడు రోజుల పాటు దాని గురించే మాట్లాడారు. తర్వాత గురువు ఆయుధాలను చూపించారు. కత్తులు, డాలు, విల్లు, బాణాలు ఒక్కొక్కటే పైకెత్తి చూపిస్తూ దాని గురించి చెబుతుంటే, జనం ప్రతిదానికీ ఒక్క గొంతుతో జయకారం పలుకుతున్నారు.

గురుద్వారాలో అందరికీ ఉచితంగా పెట్టే భోజనం, లంగర్ ముచ్చట రాయకపోతే మహిళా సభ్యులు ఊరుకోరు. చాపల మీద వరసగా కూర్చోబెట్టారు. ఒక కుర్రవాడు గంప పట్టుకుని "ప్రసాదా, ప్రసాదా" అంటూ వస్తుంటే, మనవాళ్లు తీపి ఏదో పెడతాడని కుడిచెయ్యి చాపారు. ఆగిపోయాడు. రెండు చేతులూ దోసిలి పట్టమని సైగ చేశాడు. పడింది రొట్టె! వాళ్లకు రొట్టె పేరే ప్రసాదా. కళ్లకద్దుకుని తిన్నాం. తిన్నాక విరాళం ఎక్కడ కట్టాలని అడిగితే, అక్కడున్న పెద్దావిడ హుండీ ఎటో చేత్తో చూపించి, తన పక్కన ఖాళీగా ఉన్న పీట కూడా చూపించింది. రొట్టెలు ఒత్తే బల్ల అది. మన సభ్యురాళ్లు ఏడుగురు కూర్చున్నారు. మొదట అందరివీ ఇండియా పటాలే. పావుగంటలో గుండ్రంగా రాసాగాయి. అరవై ఎనిమిదేళ్ల సభ్యురాలొకరు రెండు గంటలపాటు లేవలేదు. మోకాళ్ల నొప్పి అని ఇంట్లో నేల మీద కూర్చోరట. గదికి వచ్చేసరికి జడకి కూడా పిండి. మగవాళ్లం గిన్నెలు తోమే చోట నిలబడ్డాం. మన పనితనం చూసి, కడిగినవి మళ్లీ కడగడానికి ఒకాయన వెనకే నిలబడ్డాడు.

చెప్పులు భద్రపరిచే జోడాఘర్‌లో ఒక ముసలి సర్దార్జీ మా మాటలు విని, "ఏ ఊరమ్మా మీది?" అని తెలుగులో పలకరించారు. సరిహద్దు తాలూకాల్లో తెలుగు వినిపిస్తూనే ఉంటుంది కదా, అక్కడ నేర్చుకున్నారట. పలకరించినంతసేపూ వేరెవరిదో చెప్పు తుడుస్తూనే ఉన్నారు.

ఫిబ్రవరిలో బీదర్ ఒక్కరోజు యాత్ర. ఇది అంత బాగా సాగలేదని ఒప్పుకోవాలి. అద్దె బస్సు దారిలో ఆగిపోయి మూడు గంటలు వృథా అయ్యాయి. నానక్ ఝీరా సాహిబ్ ఊట చూశాం. గురునానక్ దక్షిణ యాత్రలో ఇక్కడ ఆగినప్పుడు, నీళ్లు ఉప్పగా ఉన్నాయని జనం మొరపెట్టుకుంటే కాలితో రాయి జరిపారని, తీపి ఊట వచ్చిందని స్థలకథ. ఇప్పటికీ పారుతోంది, రుచి చూశాం, సీసాలు నింపుకున్నాం. 1699 వైశాఖీనాడు ఆనంద్‌పూర్‌లో గురు గోవింద్ సింగ్ అడిగితే తల ఇవ్వడానికి లేచిన ఐదుగురు ప్రియులలో ఒకరైన సాహిబ్ సింగ్ బీదర్ వాసి అని అక్కడే తెలిసింది. ఆయనది మంగలి వృత్తి అని సంప్రదాయం చెబుతుంది. మిగతా నలుగురు లాహోర్, హస్తినాపురం, పూరీ, ద్వారకలవారు. అంటే దేశం నాలుగు మూలల నుంచీ వచ్చారన్నమాట. 1705లో ముక్త్‌సర్ యుద్ధంలో పోరాడిన వీరవనిత మాయీ భాగో చివరి రోజులు గడిపిన జన్‌వాడా కూడా దగ్గరే. చీకటిపడటంతో వెళ్లలేకపోయాం. అడిగిన సభ్యులకు మరోసారి క్షమాపణ.

వచ్చే ఏడాదికి అమృత్‌సర్ ప్రతిపాదన ఉంది. నాందేడ్ నుంచి సచ్‌ఖండ్ ఎక్స్‌ప్రెస్‌లో వెళ్లాలని కార్యవర్గం అభిప్రాయం. దారిలో స్టేషన్లలో ప్రయాణికులకు ఉచితంగా లంగర్ పెడతారు, అందుకని ఎవరి గిన్నె, గరిటె, గ్లాసు వారు తెచ్చుకోవాలి. పేర్లు శ్రావణ మాసం లోపు కార్యాలయంలో ఇవ్వండి. తల కప్పుకోవడానికి చేతిరుమాలు కూడా ఎవరిది వారే తెచ్చుకోవాలి. నాందేడ్ గుమ్మం దగ్గర పావుగంట చర్చ జరిగింది కనుక ఈసారి ముందే రాస్తున్నాను: మంకీ క్యాప్ చెల్లదు.

ఇట్లు,
కార్యదర్శి