ఆపరేషన్ సరే, ఆ డైట్ వద్దు

చిన్నా,

"ఇంకొక్కసారి డైట్ చేస్తానమ్మా, కుదరకపోతే అప్పుడు బరువు తగ్గే ఆపరేషన్ చూద్దాం" అన్నావు. మీ నాన్న కూడా అదే మంచిదంటున్నారు. కోతంటే ఆయనకి భయం. నాకైతే నీ డైట్ అంటేనే భయం.

2018 ప్రాంతంలో మన వీధిలో సగం మంది కొబ్బరినూనె, నిమ్మకాయల మీద బతికారు కదా, మీ పిన్నితో సహా. జాకెట్లన్నిటికీ బిగువుగా కుట్లు వేయించుకుంది. మరుసటి సంక్రాంతికి అవే కుట్లు విప్పించుకుంది. నోరు కట్టుకోలేకపోయిందని అందరూ ఆడిపోసుకున్నారు, పాపం.

అమెరికాలో బరువు తగ్గే టీవీ పోటీ 'ద బిగ్గెస్ట్ లూజర్' ఉండేది. అందులో పాల్గొన్న 14 మందిని ఆరేళ్ళ తర్వాత పరీక్షించి 2016లో ఫలితాలు ప్రచురించారు. సగటున 58 కిలోలు తగ్గినవాళ్ళు 41 కిలోలు తిరిగి పెరిగారు. అంతకంటే ఘోరం ఇంకోటుంది. ఊరికే కూర్చున్నప్పుడు ఒంట్లో ఖర్చయ్యే శక్తి, వాళ్ళ బరువుకి ఉండాల్సినదానికంటే రోజుకి సుమారు 500 క్యాలరీలు తక్కువే ఉండిపోయింది. ఇక అందరిలా తింటే ఒళ్ళు రాదా మరి?

ఆపరేషన్ సంగతి వేరు. స్వీడన్‌లో 1987 నుంచి కొన్ని వేలమందిని గమనిస్తూ వచ్చారు. చేయించుకున్నవాళ్ళు 20 ఏళ్ళకి కూడా సగటున 18 శాతం తక్కువ బరువుతో ఉన్నారు, చేయించుకోనివాళ్ళు 1 శాతం. స్లీవ్ అనే రకం ఆపరేషన్‌లో కడుపులో ముప్పాతిక పైగా తీసేస్తారు, ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోన్ ఎక్కువగా తయారయ్యేది ఆ భాగంలోనే. నీ బీఎంఐ, అదే ఎత్తుకి బరువెంతో చెప్పే లెక్క, 38, పైగా షుగర్. ఇది అందం కోసం చేయించుకునేది కాదు.

అయితే ఈ ఆపరేషన్ చేయించుకున్న మామయ్యని చూశాక చెప్తున్నా. మొన్న పెళ్ళిలో ఒక్క ఇడ్లీని చెంచాతో గిల్లుకుంటూ అరగంట తిన్నాడు. మధ్యలో నీళ్ళు ముట్టలేదు, తిన్న అరగంటకి గానీ తాగకూడదట. బి12, ఐరన్, కాల్షియం జీవితాంతం వేసుకోవాల్సిందే. మొదట్లో బాగా తగ్గాడు, ఈమధ్య మళ్ళీ కొంచెం ఒళ్ళు చేశాడు. అన్నం వల్ల కాదు, ఐస్‌క్రీములు, కూల్‌డ్రింకుల వల్ల. ఎంత చిన్న పొట్టయినా అవి ఇట్టే జారిపోతాయి. రాత్రి పన్నెండింటికి నువ్వు తాగే ఆ సీసాల సంగతి ఇప్పుడే తేల్చుకో.

డాక్టర్ని కలిసినప్పుడు అయిదేళ్ళ తర్వాత కూడా చూస్తారా, పక్కన డైటీషియన్ ఉంటారా అని అడుగు. రేటు తర్వాత మాట్లాడొచ్చు. రిపోర్టులు వాట్సాప్‌లో పెట్టు. ఆపరేషన్ అయ్యాక కొన్ని వారాలు ద్రవాలు, మెత్తటి తిండే కాబట్టి వంటకి నేనొస్తా. మీ నాన్నని ఒప్పించే పని కూడా నాదే.

అమ్మ