గిటార్ మొదలుపెట్టిన కొత్తలో నాకు సాయం చేసినవాళ్లకి కృతజ్ఞతలు

పేరుపేరునా చెప్పాలని ఉంది కానీ, పేర్లు రాయొద్దన్నారు. అందుకే ఇలా చెబుతున్నాను.

ముందుగా, మా పక్క వీధి చర్చిలో గిటార్ వాయించే తమ్ముడికి. వేళ్లు మండిపోతున్నాయని చెబితే అందరూ "అలవాటవుతుందిలే" అన్నారు. తమ్ముడు మాత్రం నా చేతిని వదిలేసి గిటార్‌ని చూశాడు. గిటార్ మెడ మీద అడ్డంగా ఉండే లోహపు కడ్డీల్ని ఫ్రెట్లంటారు. వాటిలో పన్నెండో ఫ్రెట్ దగ్గర చిన్న స్టీల్ స్కేలు నిలబెట్టి, లావు తీగ ఎంత ఎత్తులో ఉందో కొలిచాడు. మూడున్నర మిల్లీమీటర్లు! "రెండున్నర ఉంటే హాయిగా ఉంటుంది అక్కా. ఇంత ఎత్తుంటే నాకూ నొప్పే" అన్నాడు. నలభై దాటాక ఈ వేళ్లకి ఇక సంగీతం రాదేమోనని పడిన టెన్షనంతా ఆ మాటతో దిగిపోయింది.

తర్వాత, రిపేరు చేసిన బాబాయిగారికి. తీగలు విప్పి, గిటార్ ఒంటి మీద తీగలు బిగించే బ్రిడ్జ్‌లోంచి, తీగలు ఆనుకునే తెల్లటి పట్టీని, అంటే శాడిల్‌ని, బయటికి తీశారు. దాని అడుగున పెన్సిల్‌తో గీత గీసి, గరుకు కాగితం మీద రుద్దడం మొదలుపెట్టారు. పన్నెండో ఫ్రెట్ దగ్గర ఒక మిల్లీమీటరు తగ్గాలంటే శాడిల్ దాదాపు రెండు మిల్లీమీటర్లు అరగాలట. అలాగని ఒకేసారి అరగదీస్తే తీగలు ఫ్రెట్లకి తగిలి జరజరమంటాయి. అందుకని కాస్త రుద్దడం, పెట్టి చూడడం, మళ్లీ తీయడం. ఎంత ఓపికో ఆయనకి! 12 గేజ్ (గేజ్ అంటే తీగ మందం) తీగలు తీసేసి సన్నటి 10 గేజ్ వేశారు. తీగల డబ్బులు తప్ప పైసా పుచ్చుకోలేదు.

ఆ తర్వాత పాఠాలన్నీ తమ్ముడివే. వేలు రెండు ఫ్రెట్ల నడుమ కాకుండా, ఫ్రెట్ కడ్డీకి కాస్త వెనకాలే ఆనించి పెట్టమన్నాడు. తక్కువ బలానికే స్వరం గణగణా మోగింది. కార్డ్ అంటే కొన్ని స్వరాలు కలిపి ఒకేసారి మోగించడం. జీ కార్డ్ నుంచి డీ కార్డ్‌కి వెళ్లేటప్పుడు, రెండో తీగ మూడో ఫ్రెట్ మీదున్న ఉంగరం వేలు ఎత్తనే వద్దన్నాడు. ఆ వేలు అక్కడే ఉంటే మిగతావి తమ చోటు తామే వెతుక్కుంటాయి. కొత్తవాళ్లకి ఇంతకంటే మంచి సలహా లేదని నా నమ్మకం.

కింది ఫ్లాట్ పిన్నిగారికీ రుణపడి ఉన్నాను. రోజూ అవే రెండు కార్డ్స్ విని కూడా, నేను ఊరెళ్లి వచ్చిన రోజు "ఏమ్మా, నిన్న గిటార్ వినపడలేదేం?" అని అడిగారు.

తమ్ముడూ, ఎఫ్ కార్డ్ జోలికి ఇప్పుడే వెళ్లొద్దన్నావు, వెళ్లలేదు. క్రిస్మస్ ప్రోగ్రాముల హడావిడి అయ్యాక నేర్పుతావు కదా?