వడ్డీ తగ్గింది, కానీ తగ్గాల్సినంత కాదు

ఆర్యా,

వరంగల్‌లో ఆర్టీసీ బస్సు నడిపి రిటైరయినవాణ్ణి. మా దగ్గర కేఎంపీఎల్ అని ఒక లెక్క ఉండేది, లీటరు డీజిల్‌కు ఎన్ని కిలోమీటర్లు అని. అది కాస్త తగ్గినా పిలిచి సంజాయిషీ అడిగేవాళ్లు. చుక్క పక్కనున్న అంకెను వదలని అలవాటు నాకు అట్లా వచ్చింది. ఇప్పుడు అదే పనికొచ్చింది.

2023 మార్చిలో భీమారంలో ఇల్లు కట్టుకోవడానికి హనుమకొండలోని ఓ బ్యాంకులో 16 లక్షల లోన్ తీసుకున్నాం. మా పెద్దబ్బాయి పేరు మీద, నేను జతగా. పదిహేనేళ్లు, నెలకు 16,228 రూపాయలు. అప్పుడు రెపో రేటు, అంటే రిజర్వు బ్యాంకు మిగతా బ్యాంకులకు అప్పిచ్చే వడ్డీ, 6.50. దాని మీద బ్యాంకు వేసుకునే స్ప్రెడ్ 2.50. మొత్తం 9 శాతం. శాంక్షన్ లెటర్‌లో ఈ రెండూ విడివిడిగానే ఉన్నాయి. మా ఇంటావిడ ఆ కాగితాన్ని ఇంటి దస్తావేజులతో కలిపి ట్రంకు పెట్టెలో దాచింది కాబట్టి బతికిపోయాం.

2025 ఫిబ్రవరి నుంచి రిజర్వు బ్యాంకు రెపో తగ్గిస్తూ వచ్చి, జూన్ 6న 5.50కి తెచ్చింది. మా వడ్డీ మూడు నెలలకోసారి మారుతుంది. ఏప్రిల్‌లో పావు శాతం సరిగానే తగ్గింది. జులైలో 8.50 అని మెసేజ్ వస్తే ఇంట్లో అందరం సంతోషపడ్డాం. పెరిగితే లెక్క చూస్తాం గానీ, తగ్గినప్పుడు ఎవరు చూస్తారు? ఎందుకో రాత్రి పడుకునే ముందు కూడి చూశా. 5.50కి 2.50 కలిపితే 8. మరి ఆ అర శాతం ఎక్కడిది?

బ్రాంచికి పోతే కౌంటర్‌లో అమ్మాయి కంప్యూటర్ చూసి, "మీ స్ప్రెడ్ 3.00 ఉంది అంకుల్" అంది. ఎందుకు పెరిగిందో ఎవరికీ తెలియదు. పైగా కన్వర్షన్ ఫీజు కడితే తగ్గిస్తామన్నారు. వాళ్లు పెంచినదాన్ని దించడానికి ఫీజు నేను కట్టాలట!

రిజర్వు బ్యాంకు 2019 సర్క్యులర్ ప్రకారం, స్ప్రెడ్‌లో మనం అప్పు కట్టలేకపోయే రిస్కుకు సంబంధించిన భాగాన్ని, మన అప్పు తీర్చే స్తోమతలో పెద్ద మార్పు వస్తేనే మార్చాలి. మిగతా భాగాలను అప్పట్లో మూడేళ్లకోసారి మార్చుకునే వీలుండేది. మా లోన్‌కు అప్పటికి మూడేళ్లు నిండలేదు. ఒక్క వాయిదా తప్పలేదు. ఆగస్టులో ఇదంతా రాసి, శాంక్షన్ లెటర్ జిరాక్స్ పెట్టి, నకలు మీద స్టాంపు వేయించుకున్నా. ముప్పై రోజులు చూశా, జవాబు లేదు. మా అబ్బాయి, బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టాడు, రూపాయి ఖర్చు లేదు. అక్టోబర్ ఆఖరుకు బ్యాంకు నుంచి ఉత్తరం వచ్చింది. సాంకేతిక పొరపాటు జరిగిందట, నవంబర్ నుంచి సరిచేస్తారట.

బాగానే ఉంది. మరి జులై నుంచి అక్టోబర్ దాకా పట్టుకున్న ఎక్కువ వడ్డీ సంగతి? నెలకు ఆరొందల పైచిలుకు, నాలుగు నెలలకు సుమారు 2,400. "చిన్న మొత్తమే కదా సార్" అన్నాడు ఫోన్ చేసిన ఆఫీసరు. చిన్నదే. కానీ నేను చూసుకోకపోతే? బాకీ అప్పటికి 14.7 లక్షలు. ఈఎంఐ మారదు కాబట్టి జేబుకు తెలియదు, లోన్ చివర ఆరు వాయిదాలు పెరిగేవి. అంటే దాదాపు 97 వేలు. సమస్య పరిష్కారమైందని సంతకం పెట్టమని ఒక కాగితం కూడా పంపారు. పెట్టలేదు.

ఇంకో మాట. రిజర్వు బ్యాంకు 2023 ఆగస్టు ఆదేశాల ప్రకారం బ్యాంకు మూడు నెలలకోసారి స్టేట్‌మెంట్ ఇవ్వాలి. ఎంత అసలు కట్టాం, ఎంత వడ్డీ, ఎన్ని వాయిదాలు మిగిలాయి, ఎంత రేటు అన్నీ అందులో ఉంటాయి. నాకొచ్చిన దాంట్లో స్ప్రెడ్ మాత్రం విడిగా లేదు. 8.50 అని ఒక్క అంకె వేస్తే అందులో తప్పు ఎక్కడుందో ఎట్లా తెలుస్తుంది? రెపో ఎంత, స్ప్రెడ్ ఎంత అని రెండు వరుసలు, తెలుగులో, వేయించమని రిజర్వు బ్యాంకును కోరుతున్నా.

పొరపాటు సాంకేతికమే అయితే నా ఒక్క ఖాతాలోనే జరిగి ఉండదు. మిగతా వాళ్ల ఖాతాలు కూడా బ్యాంకు తనంతట తానే చూసి, ఎక్కువ తీసుకున్నది జులై నుంచి లెక్కగట్టి బాకీలో తగ్గించాలి.

- ఒక రిటైర్డ్ ఆర్టీసీ డ్రైవర్, భీమారం, హనుమకొండ