ఎన్విరాన్‌మెంటల్ హిస్టరీ పేపర్ తీసెయ్యొద్దు

ఎడిటర్ గారికి నమస్కారం,

నేను హైదరాబాద్‌లో ఎంఏ హిస్టరీ చదువుతున్నాను. పోయిన సెమిస్టర్ మాకు ఎన్విరాన్‌మెంటల్ హిస్టరీ అని, నీళ్లకీ అడవులకీ మనుషులకీ మధ్య సంబంధం ఎలా మారుతూ వచ్చిందో చెప్పే ఒక ఎలక్టివ్ ఉండింది, వచ్చే ఏడాది సరిపడా మంది చేరకపోతే ఎత్తేస్తారని అంటున్నారు, అందుకే రాస్తున్నా.

డిగ్రీలో పర్యావరణం పేపర్ అందరికీ ఉంటుంది, సుప్రీంకోర్టు చెప్పాక యూజీసీ కంపల్సరీ చేసింది. కానీ అది ఓజోన్ పొర, ఆమ్ల వర్షం అని బట్టీ కొట్టి పాసైపోయే పేపర్. ఇది అలా కాదండీ. 1908 మూసీ వరద, చింతచెట్టెక్కి నూట యాభై మంది దాకా బతకడం ఇక్కడ అందరం విన్నదే. ఆ తర్వాత విశ్వేశ్వరయ్య గారు వచ్చి వరదని ఎగువనే ఆపాలనడం, 1920లో ఉస్మాన్ సాగర్ (గండిపేట), 1927లో హిమాయత్ సాగర్ చెరువులు, వాటిని కాపాడటానికి చుట్టుపక్కల ఊళ్లలో కట్టడాల మీద ఆంక్షలు పెడుతూ 1996లో 111 జీవో, మళ్లీ 2022లో ఆ ఆంక్షలు తీసేస్తూ 69 జీవో, ఇదంతా ఒకే వరసలో జరుగుతూ వచ్చిన కథ అని నాకు ఈ క్లాసులోనే అర్థమైంది.

గండిపేట కట్ట మీద నిలబడి మేం గట్టిగా వాదించుకున్నాం. 111 జీవో కిందున్న 84 ఊళ్లలో ఒక ఊరి అబ్బాయి మా క్లాస్‌మేటే. సిటీ మునగకుండా ఉండాలని, సిటీకి నీళ్లు కావాలని మా నాన్న పొలానికి ఇన్నేళ్లు రేటు లేకుండా చేశారు, మాకేమిచ్చారు అని అడిగాడు. ఎవరి దగ్గరా వెంటనే జవాబు లేదు. చెరువుల్ని కాపాడాలనే నేను ఇప్పటికీ అంటాను, కానీ ఆ ఖర్చు ఎవరు మోస్తున్నారో చూడకుండా ఇక ఆ మాట అనలేను.

రంపచోడవరం నుంచి వచ్చిన అమ్మాయి పోడు (అడవి నరికి, కాల్చి చేసే సాగు) గురించి చెప్పింది. మన్యం తిరుగుబాటుని స్వాతంత్ర్య పోరాటం పాఠంగానే చదివేస్తాం, 1882 మద్రాసు అటవీ చట్టం అడవిని రిజర్వు చేసి పోడుకి అడ్డం పడటం, 1922 నాటి కోపం వెనక అదీ ఉండటం స్కూల్లో మాకెవరూ చెప్పలేదు.

ఇబ్బందీ ఒకటుంది. తార్నాక స్టేట్ ఆర్కైవ్స్‌లో నిజాం కాలం కాగితాలు చాలావరకు ఉర్దూ, పర్షియన్‌లో ఉంటాయి, మాలో ఆ లిపి వచ్చినవాళ్లు తక్కువ, దాంతో ఇంగ్లిష్ రిపోర్టుల దగ్గరే ఆగిపోయాం. రైతులు పెట్టుకున్న అర్జీల్లాంటివి ఉంటే అవి మా కంటపడే దారే లేదు.

యూనివర్సిటీల వాళ్లకి మీ పేపర్ ద్వారా నా మనవి, చేరినవాళ్ల లెక్క చూసి దీన్ని తీసెయ్యకండి, ఎంఏ హిస్టరీలో రెగ్యులర్ పేపర్ చెయ్యండి, ఉర్దూ లిపి చదవడం నేర్పే చిన్న కోర్సు కూడా జత చెయ్యండి. ఊళ్లకి తిరగడానికి బస్సు ఖర్చు డిపార్ట్‌మెంటే ఇస్తే హాస్టల్ పిల్లలు కూడా రాగలరు.

ఇట్లు,
ఒక ఎంఏ విద్యార్థిని, హైదరాబాద్