పంట భూమితో పెట్రోలు లోటు తీరదు

సంపాదకులకు నమస్కారం.

చమురు తరిగిపోయినా దిగులు లేదు, కావలసినంత ఇంధనం పొలాల్లోనే పండించుకోవచ్చు అనే ధోరణిలో ఇటీవల మీ పత్రికలో వచ్చిన వ్యాసం చదివాను. జీవ ఇంధనాలకు నేను వ్యతిరేకిని కాను. వాటి వల్ల కాని పనిని వాటికి అప్పగిస్తున్నామనేదే నా బాధ.

చమురు ఏదో ఒక రోజు ఠక్కున ఆగిపోదు. పెద్ద పెద్ద నిల్వలు ఎక్కువగా బయటపడింది 1960లలో. తర్వాత కొత్తగా దొరికేవి తగ్గుతూ వచ్చాయి, వాడకం మాత్రం రోజుకు సుమారు 10 కోట్ల బ్యారెళ్లకు చేరింది. షేల్ అనే గట్టి రాతి పొరలను పగలగొట్టి తీసే చమురు వచ్చి కొంత ఊపిరి పోసిన మాట నిజమే. కానీ షేల్ బావిలో ఉత్పత్తి మొదటి ఏడాదిలోనే సగానికి పైగా పడిపోతుంది, కొత్త బావులు తవ్వుతూనే ఉండాలి. కాబట్టి ప్రత్యామ్నాయం కావాలనడంలో వాదనే లేదు.

అయితే అది మొక్కజొన్న మాత్రం కాదు. ప్రపంచంలో మొక్కజొన్న అందరికంటే ఎక్కువ పండించే అమెరికాలో, ఆ పంటలో మూడో వంతుకు పైగా పెట్రోల్‌లో కలిపే ఇథనాల్ అనే ఆల్కహాల్‌కే పోతోంది. ఇంతా చేస్తే అక్కడి పెట్రోల్‌లో దాని వాటా సుమారు పదో వంతు. పైగా లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి లీటరు పెట్రోల్ కంటే దాదాపు మూడో వంతు తక్కువ. 50 లీటర్ల ట్యాంకు ఇథనాల్‌తో నింపాలంటే సుమారు 120 కిలోల గింజలు కావాలి. మిగిలిన పిప్పి పశువుల దాణాకు పనికొస్తుంది, కాదనను. కానీ ఆ పంటకు వేసే నత్రజని ఎరువు సహజవాయువుతోనే తయారవుతుంది, ట్రాక్టరు డీజిల్ తాగుతుంది, ఇథనాల్ కాచి వడగట్టడానికి మళ్లీ గ్యాసే మండించాలి. ఇవన్నీ తీసేస్తే చేతికి మిగిలేది కొంచెమే.

చెరకు చాలా నయం. బ్రెజిల్ 1975 నుంచి దాన్నే నమ్ముకుంది. అక్కడ చెరకు పిప్పినే మండించి ఫ్యాక్టరీలు నడుపుతారు. అంత నేల, అన్ని వానలు ఎన్ని దేశాలకున్నాయి? పామాయిల్ డీజిల్ కథ మరీ ఘోరం. దానికోసం ఆగ్నేయాసియాలో అడవులు నరికారు, శతాబ్దాలుగా కార్బన్ దాచుకున్న చిత్తడి నేలల్ని ఎండగట్టారు. చివరికి యూరోపియన్ యూనియనే 2030 నాటికి తన పునరుత్పాదక ఇంధన లక్ష్యాల లెక్కలోంచి దాన్ని తప్పించాలని నిర్ణయించుకుంది.

అసలు చిక్కు మొక్కలోనే ఉంది. తన మీద పడే ఎండలో పంట దాచుకోగలిగే శక్తి మామూలుగా ఒక శాతానికి అటూఇటూ. మామూలు సోలార్ ప్యానెల్ 20 శాతం దాకా కరెంటుగా మారుస్తుంది, దానికి సారవంతమైన నేలే అక్కర్లేదు. కార్లు, బైకులు, బస్సులు కరెంటుతో నడవగలిగినప్పుడు వాటికోసం పొలాలు ఎందుకు ఖర్చుచేయాలి?

విమానాల సంగతి వేరు. ఇప్పటి బ్యాటరీ కిలోకు ఇచ్చే శక్తి, కిలో విమాన ఇంధనంలో ఉన్నదానిలో నలభయ్యో వంతుకు అటూఇటూ ఉంటుంది. దూరాలు వెళ్లే విమానాలకు, ఓడలకు ద్రవ ఇంధనం ఇంకా చాలాకాలం తప్పదు. వాడేసిన వంటనూనె, గడ్డి, పేడ, చెత్త నుంచి తీసే ఇంధనాన్ని వాటికే దాచిపెట్టాలి. అదీ అపారమేమీ కాదు. గడ్డి, పీచు పదార్థాల నుంచి 2022 నాటికి ఏటా 1,600 కోట్ల గ్యాలన్లు తీయాలని అమెరికా 2007లో చట్టమే చేసింది. దాని దరిదాపులకు కూడా చేరలేకపోయింది. గడ్డిని పోగేసి తేవడం, దాని గట్టి పీచును విడగొట్టి చక్కెరగా మార్చడం అనుకున్నదానికంటే ఖరీదైన పనులని తేలింది.

పెట్రోల్‌లో ఇన్ని శాతం ఇథనాల్ కలిపామని ఏ ప్రభుత్వమైనా ప్రకటిస్తే పత్రికలు ఆ అంకెను మొదటి పేజీలో వేస్తున్నాయి. దాని పక్కనే అందుకు ఎంత నేల, ఎంత నీరు, ఎంత ఎరువు పట్టిందో కూడా అధికారులను అడిగి వేయమని మిమ్మల్ని కోరుతున్నాను.

ఇట్లు,
మీ పాఠకురాలు