పిల్లల వీధి ఆటలు: వచ్చే ఆదివారం గురించి

అందరికీ నమస్కారం. మొన్న పిల్లలు తయారుచేసిన ఆట చూశాక ఇది రాయకుండా ఉండలేకపోయాను.

వీధిలో సుద్దముక్కతో గళ్ళు గీశారు. చివరి గడిలో నీళ్ళ బకెట్. ఒక జట్టుకు మూడే గళ్ళు, ఇంకో జట్టుకు ఇరవై. పైగా ఆ రెండో జట్టుకి అడుగున చిల్లున్న గ్లాసు! ఐదు నిమిషాల్లో ఎవరు ఎక్కువ నీళ్ళు తెస్తే వాళ్ళే గెలిచినట్టు. మొదటి రౌండ్ అవకముందే ఓ పాప "ఇది అన్యాయం, మేమెప్పటికీ గెలవం" అని గ్లాసు కింద పెట్టేసింది. నీళ్ళ కోసం రోజూ దూరాలు నడిచే పిల్లల గురించి అక్కడే మాట మొదలైంది. గ్లాసులు మార్చుకోవాలని కొత్త రూలు పెడితే అవతలి జట్టు ఒప్పుకోవడానికి పావుగంట పట్టింది. ఆ పావుగంటే నాకు అన్నిటికంటే నచ్చింది.

అన్యాయాన్ని ఆటతో చూపించడం కొత్తేమీ కాదు. భూమి కొద్దిమంది చేతుల్లో ఉంటే మిగతావాళ్ళు ఎలా చితికిపోతారో చూపించడానికి ఎలిజబెత్ మాగీ 1904లోనే అమెరికాలో ఓ బోర్డు ఆటకు పేటెంట్ పొందారు. స్థలాలు కొని అద్దెలు వసూలు చేసే మోనోపలీ ఆటకు మూలం అదే.

వచ్చే ఆదివారం ఆటకు పిల్లలు ఎంచుకున్న విషయం వలస. పెద్దవాళ్ళకు ఒక్క మనవి: రూల్స్ మీరు దిద్దకండి, గొడవపడినా వాళ్ళనే తేల్చుకోనివ్వండి. ఇల్లు వదిలి రావాల్సి వచ్చిన పిల్లలు ఎవరైనా ఉంటే ఆటలో వలస వెళ్ళేవాళ్ళ పాత్ర వాళ్ళకు మాత్రం ఇవ్వొద్దు, అడిగితే తప్ప. సుద్దముక్కలు, తాడు తెచ్చేవాళ్ళు ఇక్కడే చెప్పండి. బండ్లు రాకుండా రెండు చివర్లా ఒక్కొక్కరు నిలబడాలి.